సబ్బు కలిపిన చుట్టరికం

ఎముకల వార్డులో ఆరో నంబరు మంచం మీది ముసలావిడ రెండు రోజులుగా నాలుగు గుక్కల నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. బస్సు దిగబోయి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంటే దారినపోయేవాళ్ళెవరో తెచ్చి చేర్చారు. వెంట సంచీ లేదు, కాగితం ముక్క లేదు. ఆవిడ భాష ఎవరికీ అంతుబట్టలేదు. పళ్ళెం ముందు పెడితే ఎడమచెయ్యి చూపించి ఏదో గొణిగేది, గోడవైపు తిరిగి పడుకునేది.

"మొండిఘటం! రేపు కూడా తినకపోతే ముక్కులో గొట్టం వెయ్యాల్సిందే," అంది నర్సు, విసిగి వేసారి.

ఇరవయ్యేళ్ళుగా ఆ వార్డు తుడుస్తున్న ఆయాకి ఆ మాట వినగానే మనసు చివుక్కుమంది. బకెట్టు పక్కన పెట్టి దగ్గరికెళ్ళి ఆ ఎడమచెయ్యి తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో రోడ్డు మీది మట్టి, ఎండిన నెత్తురు.

"అయ్యో నా తల్లీ! ఈ చేత్తో ఎట్లా తింటావు? ఉండు, సబ్బు తెస్తా."

ముసలావిడ గిరుక్కున ఇటు తిరిగింది. "సబూని!" అంది. కళ్ళనిండా నీళ్ళు. "సబూని, సబూని!"

ఆయా నోరు వెళ్ళబెట్టింది. "ఏమమ్మా, నీకు మన మాటలొచ్చా?"

పక్క మంచం మీద, కాలికి కట్టుతో ఉన్న ఆవిడ నవ్వింది. ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. "రావక్కా. సబ్బే మన మాట కాదు, ఓడలెక్కి వచ్చింది. అరబ్బులు సాబూన్ అంటారు, పోర్చుగీసువాళ్ళు సబావ్ అంటారు. అన్నీ అప్పచెల్లెళ్ళే. చివర్న 'ని' వచ్చిందంటే తూర్పు ఆఫ్రికావాళ్ళు మాట్లాడే స్వాహిలీ అయ్యుంటుంది. నేను దిద్దిన నిఘంటువులో చూశాను."

"ఆ సంగతి డాక్టరుగారి చెవిన వెయ్యి తల్లీ. ఈలోగా నేను చెయ్యి కడుగుతా."

గోరువెచ్చని నీళ్ళు, ఒక సబ్బుబిళ్ళ తెచ్చి, ఆయా ఒక్కొక్క గోరూ పసిపిల్లకి కడిగినట్టు కడిగింది. తుడవడం అయ్యీ అవగానే ముసలావిడ పళ్ళెం తనే దగ్గరికి లాక్కుంది. మెతుకు మిగల్చలేదు. నర్సు చూసి తల దించుకుని, గ్లాసులో మంచినీళ్ళు పోసి అందించింది.

డాక్టరు పదిచోట్లకి ఫోన్లు చేసి, స్వాహిలీ వచ్చినాయన్ని ఒకర్ని పట్టుకున్నాడు. ఫోను ముసలావిడ చెవి దగ్గర పెట్టగానే మాటలు వరదలా వచ్చాయి. కూతురి దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిందట, ఒకచోట దిగబోయి ఇంకోచోట దిగిందట. కూతురు పేరు, పనిచేసే చోటు చెప్పింది.

సాయంత్రానికి కూతురు పరుగున వచ్చింది. రెండు రోజులుగా ఆసుపత్రులన్నీ గాలిస్తోందట. తల్లీకూతుళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే వార్డంతా కళ్ళొత్తుకుంది.

కాసేపటికి కూతురు వచ్చీరాని మన మాటల్లో ఆయాతో అంది: "అమ్మ చెప్తోంది... అందరూ తన నోరు చూశారంట. చెయ్యి చూసింది నువ్వేనంట. నిన్ను కన్న అమ్మకి దండం పెడతానంటోంది."

ఆయా చేతులు కొంగుకి తుడుచుకుంది. తనని కన్నతల్లిని ఇన్నేళ్ళలో ఎవరైనా తలుచుకున్నారా! మంచం అంచున కూర్చుని, ముసలావిడ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, డ్యూటీ దిగే బెల్లు కొట్టినా లేవకుండా అట్లాగే ఉండిపోయింది.