దుబాసీ అక్క

నూట పన్నెండో ఫైలు తెరిచి, జారుతున్న కళ్లజోడు పైకి తోసుకుని, ఆమె మొదటి వరస చెరిపేసింది. ఆసుపత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు అచ్చువేసే ఫైళ్లవి. వాటిలోని మాటల్ని యంత్రానికి వివరించే దుబాసీ ప్రోగ్రాము ఎక్కడుంటుందో మొదటి వరసే చెప్పాలి. పాత యంత్రాలన్నిటిలో అది ఒకేచోట ఉండేది. కొత్తవి వచ్చాయి, ఒక్కోదాంట్లో ఒక్కోచోట. అందుకే ఆమె దుబాసీ ఇంటినంబరు తీసేసి, పేరు చెప్పి వాకబు చేసుకోమని రాస్తోంది. అడిగినవాళ్లకు ఇలా వివరించబట్టే ఆమె అందరికీ దుబాసీ అక్క అయింది.

గదిలోని చలికి వేళ్లు కొయ్యబారాయి. ఫోన్లో ఆమె సొంత అక్క సాధిస్తోంది.

"అన్నీ బాగుచేసి చేతిలో పెడితే ఇక నిన్నెందుకు ఉంచుకుంటారే, పిచ్చిమొహమా? ఒకటో రెండో మెలికలుంచు."

"మెలికలుంచడానికి ఇదేమన్నా జడా?"

నవ్వింది గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. ఈ పని అయిపోతే ఉద్యోగమూ అయిపోయినట్టే. నలభై తొమ్మిదేళ్లదానికి ఇంకో కుర్చీ ఎవరు వేస్తారు?

మధ్యాహ్నం పిల్లల వార్డు ఫైలు మొరాయించింది. ఆ పేరుగల దుబాసీ లేదంది యంత్రం.

"పేరు కళ్లముందే సరిగ్గా ఉందిగా అక్కా!" ఆఫీసరు తల పట్టుకున్నాడు.

ఆమెకు అర్థమైంది. ఎవరో వేరే రకం కంప్యూటర్లో ఆ ఫైలు దిద్దారు. వరస చివర కంటికి కనపడని గుర్తొకటి తోకలా అంటుకుంది. యంత్రం ఆ తోకతో కలిపి పేరు వెతుకుతోంది. ఆ గదిలో ఈ సంగతి తెలిసింది ఆమెకొక్కతెకే.

"చూడాలి సార్," అని చేతులు ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు.

రిపోర్టులిచ్చే కిటికీ దగ్గరికి ఒక తల్లి మూడోసారి వచ్చింది. భుజం మీద బిడ్డ వడిలిపోయి ఉంది.

"ఇంకా రాలేదాండీ? రిపోర్టు చూడందే మందు రాయనంటున్నారు."

దుబాసీ అక్క ఆ తోక తుడిచేసింది. ప్రింటరు గుర్రుమంది.

అయిదింటికి ఆఫీసరు హుషారుగా వచ్చాడు.

"అన్నీ నడుస్తున్నాయక్కా! ఇక ఎవరైనా చూసుకోవచ్చు." కాస్త ఆగాడు. "సోమవారం నుంచి మీరు శ్రమపడక్కర్లేదు. లెటర్లో వేయాలి... మీ పేరేంటక్కా?"

చెప్పింది. రెండుసార్లు చెప్పాల్సివచ్చింది.

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. కుర్చీలో, పాత దుప్పటి ముక్కతో కుట్టుకున్న మెత్త ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లు ఆమె కూర్చున్న గుంట దాని మధ్యలో ఇంకా పైకి లేవలేదు.