సల్లబడని డబ్బా

పొద్దుగాల లేసి షారోన్‌కు రెండు జడలు వేసుడు, డబ్బా కట్టుడు, స్కూల్ బస్సు ఎక్కిచ్చి చెయ్యి ఊపుడు. ఎజ్రాకు ఇదే నౌకరి. జీతం లేని నౌకరి అని మొయినాబాద్‌ల వాళ్ల వాడకట్టోళ్లు నవ్వుకుంటరు. ఆడమనిషి ఫ్యాక్టరీకి పోయి మగమనిషి ఇంట్ల బోళ్లు తోముతుంటే లోకం నవ్వక ఊకుంటదా? నవ్వనీ. ఆ నవ్వేటోళ్లల్ల ఒక్కనికన్న బిడ్డకు సక్కగ పాపిడి తీసుడు వస్తదేమో అడుగున్రి.

ఎజ్రా చేతి వంటకు ఒక గుణమున్నది. ఎవరి కోసం వండితే వాళ్లు మొదటి బుక్క తినేదాక అది సల్లబడది. ఇంకెవరు తిన్నా పొగలు కక్కుతనే ఉంటది. అసలు మనిషి నోట్లకు బుక్క పోయిందా, ఇగ అందరిండ్లల్ల అన్నం లెక్కనే నిమ్మలంగ సల్లారిపోతది. వాళ్ల నాయనమ్మ సుక్కమ్మది గూడ గదే చెయ్యి. ఆలూరుల ఎవరింట్ల పెండ్లైనా దినాలైనా ఆమెనే పిలిచేటోళ్లు, బస్సు దొరకక ఆలస్యంగ వచ్చే సుట్టాలు గూడ వేడిగ తింటరని. షారోన్ బడిల కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకొని డబ్బా మూత తీస్తే ఆవిరి లేస్తది. పక్క పిల్లలు ఒకసారి సూసి తమ సల్లటి ఇడ్లీలు తాము తింటరు.

వంటింట్ల గూట్ల ఇంకో డబ్బా ఉన్నది. అది షారోన్ తల్లి ప్రవీణది. పోయిన వానకాలంల ఆమె ఇల్లిడిచి పోయిననాడు తీసుకోకుండ వదిలేసిన టమాట పప్పు, అన్నం. ఇప్పటికీ మూత ముట్టుకుంటే చెయ్యి కాలుతది. చలికాలమంత పిల్లి దానికి ఆనుకొనే పండుకున్నది.

ఎజ్రా మొదటినుంచి ఇంట్ల కూసున్నోడు కాదు. ఆలూరుల తండ్రి పేతురు ఇచ్చిన ఎకరంల బ్యాంకు లోన్ తీసుకొని పాలీహౌజ్ వేసిండు, జెర్బెరా పూలు పెట్టిండు. చందనవెల్లిల ఒక ఫ్యాక్టరీల పనిచేసే ప్రవీణ తన జీతం మీద జమానతు సంతకం పెట్టింది. మొదటి ఏడు ఆ పూలు హైదరాబాద్ పెండ్లిండ్లకు పోయినయి. రెండో ఏడు రాళ్లవాన, గాలిదుమారం. పాలీహౌజ్ మీది కప్పు చిరిగి ఎవని చేన్లనో పడ్డది, ఇనుప పైపులన్ని వంగిపోయినయి. బ్యాంకోళ్లు మాత్రం వంగలే. అప్పటికి షారోన్ ఇంకా పాకుతున్నది. నువ్వు నౌకరికి పో, బిడ్డను నేను సూసుకుంట అన్నడు ఎజ్రా. ఆ మాటకు ఇద్దరు సంతోషపడ్డరు. పాపం, నిజంగనే సంతోషపడ్డరు. రెండో షిఫ్ట్ ఉన్ననాడు ప్రవీణ క్యాంటీన్‌ల డబ్బా తెరిచి, మా ఆయన చెయ్యి అని పక్కోళ్లకు గర్వంగ చెప్పేది.

కిస్తీ నెలనెల ఆమె జీతంలనే కట్ అయితుండె. మిగిలింది ఇంటి ఖర్చుకు సాలక ఎజ్రా ఆమెకు తెల్వకుండ ఫోన్ల యాప్ నుంచి లోన్ తీసుకున్నడు. దాన్ని కట్టనీకి ఇంకోటి, దానికోసం ఇంకోటి. వసూలుకు వచ్చిన పిలగాండ్లను ఇంట్ల కూసోబెట్టి చాయ్ పోసేటోడు. వాళ్లు వేడి చాయ్ తాగి మరీ తిట్టిపోయేటోళ్లు. ఎంత ఫికర్ ఉన్నా ప్రవీణ ముంగట కనపడనియ్యలే. డబ్బా మాత్రం రోజు కట్టిండు. ఆఖరుకు ఆ పిలగాండ్లు ఎజ్రాతోని పనికాదని చందనవెల్లికి పోయి, ఫ్యాక్టరీ గేటు ముంగట నిలబడి, షిఫ్ట్ ఇడిసి బయటికొస్తున్న అందరి నడుమ ప్రవీణను పేరు పెట్టి పిలిచిన్రు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. తెల్లారి ఎజ్రా డబ్బా అందిస్తే చెయ్యి సాపలే.

"రోజు వేడి అన్నం పెట్టినవ్. ఒక్కనాడన్న నిజం చెప్పినవా?" అన్నది.

ఆమె చేవెళ్లల తల్లి బీరమ్మ ఇంటికి పోయి, విడాకులు కావాలె, బిడ్డ నాకే కావాలె అని కోర్టుల కేసు వేసింది. కేసు తెగేదాక షారోన్‌ను తండ్రి దగ్గరనే ఉంచిన్రు, బడి అక్కడనే ఉన్నది గనుక.

ఎజ్రా పట్టుకున్న వకీలు పేరు జితేందర్. ఆయన మొదటి దినమే తేల్చి చెప్పిండు. నెత్తి మీద అప్పుండి జీతం లేని మగవానికి బిడ్డనియ్యాలంటే కోర్టు ఎనుకముందాడుతది, ముందుగాల ఒక నౌకరి సూసుకో అని. ఎజ్రా అజీజ్‌నగర్‌ల ఒక రిసార్టుల వంటోనిగ చేరిండు. చేరిన నెలనే పెద్ద పెండ్లి. పిలిచిన సుట్టాలల్ల సగంమంది రాలే. వాళ్ల కోసం వండిన బగార, మటన్ కూర గుండిగలల్ల సల్లబడకుండ కూసున్నది. ఎజ్రా వద్దన్నా వినక మేనేజర్ దాన్ని కోల్డ్ రూముల పెట్టిచ్చిండు. తెల్లారేసరికి ఐస్‌క్రీమంత కరిగి పారింది, మోటర్ కాలిపోయింది. తోటమాలితోని గుంత తవ్విచ్చి కూరంత పూడ్చిపెట్టిచ్చి, మోటర్ పైసలు ఎజ్రా జీతంల పట్టుకొని ఇంటికి పంపిండు. ఇప్పటికీ చలి పెడితే రిసార్టు కుక్కలన్ని ఆ గుంత మీదనే పండుకుంటయి. ఎజ్రాకు మాత్రం కోర్టుల సూపెట్టనీకి జీతం కాయిదం దొరకలే.

అయినా కేసు ఎజ్రా దిక్కే మొగ్గింది. జడ్జమ్మ షారోన్‌ను లోపలికి పిలిచి ఎవరి దగ్గర ఉంటవమ్మా అని అడిగితే, బాపు దగ్గర అన్నదంట. ఎందుకంటే, బాపుకు నా జడ ఎట్ల వెయ్యాల్నో తెలుసు అన్నదంట. జడ్జమ్మ తలూపి ఏదో రాసుకున్నదంట, తీర్పు వచ్చే వాయిదాల అన్నదంట. ఆ మాట విని ఎజ్రా కోర్టు మెట్ల మీద కూసొని పసిపిల్లగాని తీర్గ ఏడ్చిండు. అక్కడితోని ఊకుంటే అయిపోవు. జితేందర్ ఊకోలే.

"తమ్మీ, వాయిదనాడు డబ్బా తీసుకరా," అన్నడు. "జడ్జమ్మ ముంగట పొల్ల తినాలె. నీ చెయ్యి ఎట్లాంటిదో ఈ దిక్కు తెల్వనోళ్లు లేరు. మనం ఒక్క మాట మాట్లాడే పనిలేదు."

వాయిదనాడు పొద్దుగాల ఆలూరునుంచి ఎజ్రా తల్లి పద్మమ్మ వచ్చింది. ఏం వండాలె బిడ్డా అని అడిగితే షారోన్ గుడ్డు పొరుటు అన్నది. ఎప్పుడడిగినా అదే అంటది. ఎజ్రా సరేనని పొయ్యి కాడికి పోయి అట్లనే నిలబడిపోయిండు. గుడ్డు పొరుటు సూసి జడ్జమ్మ ఏమనుకుంటది? బిడ్డను సాదుడంటే గింతేనా అనుకోదా? గుడ్లు పక్కకు పెట్టి ఫ్రిజ్జుల చికెన్ తీసిండు. బగార వేసిండు, కాజు వేసిండు, నెయ్యి ఒక చెంచ ఎక్కువనే పోసిండు. పెద్దమనుషులు తినే తీర్గ మసాల దంచిండు. షారోన్‌కు కారం తక్కువుండాలెనన్న సంగతే యాదికి రాలే.

"ఎవరికి వండుతున్నవ్‌రా?" అన్నది పద్మమ్మ ఉల్లిగడ్డలు కోస్కుంట.

"బిడ్డకే అవ్వా."

"పొల్ల పొరుటు అడిగె గద."

ఎజ్రా ఇనపడనట్టు కూర కలిపిండు.

అన్నం టైముకు జడ్జమ్మ తన గదిలనే షారోన్‌ను కూసోబెట్టుకున్నది. ఎజ్రా, ప్రవీణ, ఇద్దరి వకీళ్లు గోడ పొంటి కుర్చీలల్ల కూసున్నరు. షారోన్ కండ్లు మూసుకొని ప్రార్థన చేసి మూత తీసింది. ఆవిరి లేసి జడ్జమ్మ అద్దాలకు పట్టింది. ఆమె నవ్వుకుంట తుడుసుకున్నది. జితేందర్ ఎజ్రా మోకాలు మీద చెయ్యేసి నొక్కిండు.

షారోన్ ఒక బుక్క తిన్నది. జడ్జమ్మ బడి ముచ్చట, దోస్తుల ముచ్చట అడిగింది. ఇంకో బుక్క. కారం తగిలి నీళ్లు తాగింది. పైన ఫ్యాను జోరుగ తిరుగుతున్నది. మల్లొక బుక్క. జడ్జమ్మ అద్దాలు రెండోసారి తుడుసుకున్నది. ఈసారి నవ్వలే.

డబ్బాలకెల్లి ఆవిరి వస్తనే ఉన్నది.

ముందుగాల ప్రవీణకు సమజైంది. ఏండ్లకేండ్లు ఆ చేతి అన్నం తిన్న మనిషి. ఆమె ఎజ్రా దిక్కు సూడలే, డబ్బా దిక్కే సూసుకుంట కూసున్నది. జితేందర్ మోకాలు మీది చెయ్యి తీసుకున్నడు. ఇంకొక్క బుక్క తిను బిడ్డా, ఇంకొక్కటి అని ఎజ్రా మనసులనే మొత్తుకున్నడు. షారోన్ ఇంకొక్కటి తిన్నది. వేలు పెట్టి అన్నం ముట్టి సూసింది. ఇగ మూత పెట్టి, డబ్బాను బల్ల మీద జడ్జమ్మ దిక్కు జరిపింది.

"ఇది నాది కాదు మేడమ్. మీదే అనుకుంట."

జడ్జమ్మ బల్ల మీది చెయ్యి ఎనుకకు తీసుకున్నది.

"నేను తినొద్దమ్మా," అన్నది మెల్లగ.

తీర్పుల డబ్బా ముచ్చటే లేదు. తండ్రికి సంపాదన లేదని, అప్పులోళ్లు ఇంటి మీదికి వస్తున్నరని, బిడ్డ తల్లి దగ్గరుండాలని, ఐతారం ఐతారం తండ్రి సూసుకోవచ్చని రాసి ఉన్నది. అన్ని నిజాలే, ఒక్కటి గూడ అబద్ధం లేదు. విడాకులు గూడ ఇచ్చిన్రు. పాలీహౌజ్ కిస్తీ మాత్రం ప్రవీణ జీతంలనే ఇంకా కట్ అయితది. మొగుడు పెండ్లాలు విడిపోతే బ్యాంకుకేం పట్టింది, సంతకం సంతకమే.

కోర్టు వరండాల ప్రవీణ ఎజ్రా ముంగట ఆగింది. గెలిచిన మనిషి ముఖం కాదు అది.

"నేను వదిలిపెట్టిన డబ్బా ఇంకా ఉన్నదా?"

"ఉన్నది. వేడిగనే ఉన్నది."

"అది నాకే వండినవ్. నాకెరుకే," అన్నది. "అయినా పారెయ్."

ఎజ్రా పారెయ్యలే. కోర్టుల డబ్బాను గూడ తెచ్చి దాని పక్కకే పెట్టిండు. ఒకటి తినేటామె రాదు, ఇంకోటి తినేటామె తినొద్దు. పిల్లికి మాత్రం జాగ పెరిగింది. మరునాడు ప్రవీణ తమ్ముడు సాయిచంద్ ఆటో తెచ్చి షారోన్ బట్టలు, పుస్తకాలు, సైకిల్ వేసుకొని పోయిండు. దువ్వెన మాత్రం మర్చిపోయిండు. వారమంత ఎజ్రా పొద్దుగాలనే లేసిండు. లేసి ఏం చెయ్యాల్నో తెల్వక కాలుగాలిన పిల్లి లెక్క ఇంట్ల తిరిగిండు. స్కూల్ బస్సు వాకిట్ల ఆగకుండ పోతుంటే తలుపు ఏసుకున్నడు.

మొదటి ఐతారం చర్చి అయినంక ప్రవీణ వచ్చి షారోన్‌ను వాకిట్లనే దించి పోయింది. పొల్ల జడలు ఎవరో గట్టిగ గుంజి వేసిన్రు, పాపిడి వంకర పోయింది. ఏం వండాలె అని ఎజ్రా ఈసారి అడగలే. గుడ్లు తీసిండు, ఉల్లిగడ్డ సన్నగ కోసిండు, కారం తక్కువ వేసిండు. రుచి గూడ సూడలే. యేసయ్యా, ఈసారి సల్లబడాలె, నా బిడ్డ తినంగనే సల్లబడాలె అనుకుంటనే కలిపిండు.

షారోన్ ప్రార్థన చేసి తిన్నది. బాగున్నది బాపు అన్నది. ఎజ్రా ఎదురుంగ కూసొని పళ్లెం అంచు ముట్టి సూసిండు. కాలింది. జరసేపు ఆగి మల్ల ముట్టిండు. కాలింది. వారానికి ఒక్కసారి కనపడే బిడ్డ ముంగట కూసొని తింటుంటే, ఆ పిచ్చోడు బిడ్డ ముఖం సూడలే, పళ్లెమే సూసిండు.

షారోన్ తినుడు ఆపింది. తండ్రి చేతి వేళ్లు ఎర్రగైనయి, అవి సూసింది. ఒక బుక్క చేసి, ఊది, ఆయన నోటి కాడికి తెచ్చింది.

"నువ్వు తిను బాపు."

"నీకే వండిన బిడ్డా. ఒట్టు, నీకే."

"తిను."

తిన్నడు. తర్వాత ఇద్దరు పళ్లెం దిక్కు సూసుకుంట కూసున్నరు. మెల్లమెల్లగ ఆవిరి తగ్గింది, ఆఖరుకు లేకుండపోయింది. ఎజ్రా మల్ల ముట్టి సూడలే. సిగ్గుతోని తల వంచుకున్నడు.

షారోన్‌కు కోపం రాలే. పళ్లెం తన ముంగటికి గుంజుకొని, ఆ సల్లటి పొరుటును ఒక్క మెతుకు మిగలకుండ తిన్నది. చెయ్యి కడుక్కొని వచ్చి, గూట్ల డబ్బాల పక్కకున్న దువ్వెన తీసి తండ్రి చేతిల పెట్టి, వీపు తిప్పి కూసున్నది.

"జడలు మల్ల వెయ్యి బాపు," అన్నది. "గట్టిగ వెయ్యి. మల్ల ఐతారం దాక ఉండాలె."