కొండ నెత్తిన గాలి

"కాలరు దగ్గర జాగ్రత్త పిచ్చుకా, ఇవాళ అందరి కళ్ళూ నా మీదే," అన్నాడు భర్త, తడి తల తుడుచుకుంటూ.

ఆమె ఇస్త్రీపెట్టె ఆపి నవ్వింది. పెళ్ళై మూడు నెలలైనా ఆ పిలుపు వింటే ఆమెకి సంబరమే. ఒకే గ్లాసులో రెండు పళ్ళ బ్రష్షులు ఒరుసుకుని ఉండడం చూసినా అంతే. అయిదింటికి లేచి, రెండు బాక్సులు సర్ది, అత్తగారికి వేణ్ణీళ్ళు పెట్టి, చొక్కా ఇస్త్రీ చేస్తున్నా ఆ సంబరం తగ్గలేదు. అతను వెనక నుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించాడు. "మీటింగులో మాత్రం నోరు మెదపకు. పెద్దసారు పెద్ద గాలిమరలకే మొగ్గాడు. నీ అనుమానం నేను తర్వాత చెప్తాలే."

కూరలు తరుగుతున్న అత్తగారివి పాము చెవులు. "మొగుడి లెక్క తప్పని నలుగురిలో అనే ఆడది ఉంటుందటే?" అంది.

అనుమానమా? ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. పెళ్ళికి ముందు ఇద్దరూ పక్కపక్క బల్లల ఇంజనీర్లు. ఇప్పుడు అదే ఆఫీసులో అతను ప్రాజెక్టుకు పెద్ద, ఆమె "మావాడి భార్య". గ్రాఫులు ఆమెవి, కింద సంతకం అతనిది. "నీ చేతి గ్రాఫులు ముద్దొస్తాయి" అంటే మురిసిపోయింది కూడా, పిచ్చి మొహం! కానీ గాలి లెక్క వేరు. కొండ మీద గాలి కొలిచే స్తంభం ఎత్తు అరవై మీటర్లే. అంతకు పైన, పెద్ద మరల రెక్కలు తిరిగే చోట, గాలి ఎంత ఉంటుందో అతను మైదానానికి వాడే లెక్కతో అంచనా కట్టేశాడు. మైదానంలో పైకి పోయేకొద్దీ గాలి ఊపందుకుంటుంది. కొండ నెత్తిన అలా కాదు. వాలు పాకి వచ్చిన గాలి కొసకి చేరగానే ఒక్క దూకు దూకుతుంది. ఆపైన ఎంత ఎత్తుకు పోయినా పెద్దగా పెరగదు. గాలిని లేజరుతో కొలిచే పెట్టెను అక్కడ పెట్టించి, నాలుగు నెలలపాటు వారం వారం ముళ్ళలో పడి ఎక్కి చూసొచ్చింది ఆమే. పెళ్ళైన నాలుగో రోజున కూడా వెళ్ళింది. "కొత్త పెళ్ళికూతురికి కొండలేమిటి?" అని అత్తగారు మూడు రోజులు మూతి ముడుచుకుంది.

మీటింగు గదిలో అందరూ కూర్చోగానే పెద్దసారు ఆమె వైపే చూశాడు. "అమ్మా, అందరికీ టీ చెప్పిరా." చెప్పొచ్చింది. ఈలోగా మగవాళ్ళు గాలిమరల ఎత్తుల గురించి మొదలెట్టారు, బడిలో పిల్లలు ఎవరు పొడుగో గోడకి ఆనుకుని చూసుకున్నట్టు. "ముప్పై చిన్నవెందుకు? మింటినంటే పది చాలు. పెద్ద రెక్కకి పెద్ద కరెంటు!" అన్నాడు పెద్దసారు.

పెట్టుబడి పెట్టేవాళ్ళ తరఫున వచ్చిన ఇంజనీరు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "అరవై మీటర్ల పైన గాలిని ఎవరైనా కొలిచారా?"

"అంచనా కట్టాం సార్," అన్నాడు భర్త. బల్ల కింద అతని మోకాలు ఆమె మోకాలికి తగిలింది. ముద్దుగా కాదు.

"కొలిచాం," అంది ఆమె.

"వాడు చెప్తాడు, నువ్వు కూర్చోమ్మా," అన్నాడు పెద్దసారు. అప్పటికే ఆమె లేచి నిలబడింది. గుండె దడదడలాడుతోంది. భయమనుకుంది మొదట, కాదు, కొండెక్కి మొహానికి గాలి కొట్టినప్పుడు కలిగే సంబరమే ఇది.

"పెద్ద మరలంటే నాకు పగేం లేదండీ. మైదానంలో అవే నయం. ఈ కొండ మీద మాత్రం మీరు చూపించిన కరెంటులో ఆరో వంతు తక్కువే వస్తుంది. నాలుగు నెలల కొలతలు ఇవిగో." తన లాప్‌టాప్ తీగను తెరకి తగిలించింది.

కళ్ళద్దాల ఇంజనీరు ముందుకి వంగి గీతలన్నీ చదివాడు. "బాగుంది. ఎవరు చేశారిది?"

భర్త గొంతు సవరించుకున్నాడు. ఎంత చక్కగా నవ్వాడో! ఆ నవ్వు చూసే కదా పెళ్ళాడింది. "అదే సార్, మేమిద్దరం కలిసి..."

ఆమె అతని వైపు తిరిగి అంతే చక్కగా నవ్వింది.

"లేదండీ. ఆ కొండ ఈయన ఒక్కసారి కూడా ఎక్కలేదు."