మామయ్య గొంతున్న పెట్టె

మెట్ల కింది పెట్టె ముందు కోడలు చతికిలబడి పావుగంటైంది. ఎంటర్ మీద వేలుంది, నొక్కడానికి ప్రాణం ఒప్పుకోవడం లేదు. అందులోని ఇంటి సర్వర్, అంటే ఇంట్లో అందరి ఫైళ్ళూ దాచుకునే కంప్యూటర్, నిన్నటినుంచీ లేవనని మొరాయిస్తోంది. సిస్టమ్ మొత్తం కొత్తగా ఎక్కించాలి. అదేమంత బ్రహ్మవిద్య కాదు. కానీ మామయ్య గొంతు ఆ పెట్టెలోనే ఉంది. పక్షవాతంతో మాట పడిపోకముందు మనవరాలికోసం ఆయన చదివి రికార్డు చేసిన నలభై కథలు. ఇంకో కాపీ తీద్దాం తీద్దాం అంటూనే మహాతల్లి ఏడాది గడిపేసింది.

లోపల అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి డిస్కులు రెండు. ఒకదానిమీద ‘సిస్టమ్’, రెండోదానిమీద ‘గొంతు’ అని తనే చీటీలు అంటించింది. ‘గొంతు’ డిస్కు తీగ పీకేసింది కాబట్టి భయపడాల్సిన పనిలేదు. మరి తగిలించి ఉన్నది ‘సిస్టమ్’ డిస్కే అయితే పాత సిస్టమ్ ఆనవాలు తెరమీద కనిపించదేం? ‘ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?’ అని మాత్రం అడుగుతోంది.

“అత్తయ్యా, ఈ పెట్టెగానీ ముట్టుకున్నారా?”

“నాకేం పని? దాని జోలికే పోలేదు!”

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు చేతిలోని దుమ్ముగుడ్డను నలిపేస్తోంది. కోడలు కళ్ళు గట్టిగా మూసుకుని ఎంటర్ నొక్కబోయింది.

“ఆగవే తల్లీ!” అత్తగారు ఒక్క ఉదుటున వచ్చి మణికట్టు పట్టేసుకుంది. “దుమ్ము చూడలేక చీటీలు పీకి, తుడిచి, మళ్ళీ అంటించా. ఏది దేనిదో... నా బుద్ధి మండిపోను!”

కోడలు పెట్టె ఆపి, తీగ తీసి రెండో డిస్కుకు తగిలించింది. తెర వెలిగింది. ‘పాత సిస్టమ్ ఉంది.’ హమ్మయ్య అనుకుంది గానీ నమ్మకం కుదరలేదు. ఎంటర్ నొక్కింది. ఇరవై నిమిషాలు ఇద్దరూ తెరకేసే చూస్తూ కూర్చున్నారు.

ఆఖరికి పక్కనపెట్టిన డిస్కు తగిలించి మొదటి కథ పెట్టింది. ఏమీ వినపడలేదు. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడొక దగ్గు, ఆ వెనకే రికార్డులోంచి మామయ్య గొంతు.

“ఏమే, నా కాగితాలు మళ్ళీ సర్దేశావా? మూడో పేజీ ఎక్కడ తగలేశావు?”

తలుపు తెరిచున్న పక్కగదిలో, కుర్చీలోని మామయ్య బాగున్న చేతిని మెల్లగా ఎత్తి భార్యకేసి వేలు చూపించాడు.

అత్తగారు భోరుమంది. “నేనే, నేనే సర్దాను. తిట్టండి, ఎంతసేపైనా వింటాను.”