పది నిమిషాల తిట్లు

పరుగులో, బస్కీల్లో తమ్ముడికి ఢోకా లేదు. బెంగంతా తిట్ల గురించే. కిందటేడు సైనిక శిక్షణకు వెళ్లినప్పుడు, శిక్షకుడు మొహంలో మొహం పెట్టి అరిస్తే నాలుగో రోజే కళ్లనీళ్లు పెట్టుకుని ఇంటిముఖం పట్టాడు. మళ్లీ రమ్మన్నారు. ఈసారీ తిరిగొస్తే ఇక పిలవరు. సోమవారం బయల్దేరాలి.

అందుకే, తనను పెంచి పెద్దచేసిన అక్కను బతిమాలాడు. ఆమె కుట్టుమిషన్ ఆపి లేచింది. అతను గోడ గడియారానికి ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు.

"పది నిమిషాలు తిట్టక్కా. నేను కదలకూడదు, బదులివ్వకూడదు."

"దున్నపోతా!" అని అక్క ఫక్కున నవ్వింది.

"ఇలాగైతే వాళ్లు నన్ను నమిలి మింగేస్తారు. గట్టిగా తిట్టు."

"తిన్న కంచం తీయవు. గుండీ కుట్టుకోవడం చేతకాదు, తుపాకీ పడతావట్రా, గాడిదా?"

అతను ఎదుటి గోడకున్న మేకునే చూస్తున్నాడు. అక్క గొంతు పెరిగింది.

"రోజూ ఆ పరుగులన్నీ నన్నొదిలి పోవడానికేగా! నువ్వెళ్తే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడాలిరా? చెప్పు!"

అప్పటికి నాలుగు నిమిషాలే అయింది. అతను పెదవి కదపలేదు. అక్క కాసేపు జవాబు కోసం చూసింది. తర్వాత మిషన్ ముందు కూర్చుని, సగంలో ఆపిన చొక్కా చేతిని కుట్టసాగింది. మిగిలిన ఆరు నిమిషాలూ అతను అలాగే నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు చివరికి.

"నెగ్గావురా," అంది ఆమె తలెత్తకుండా. "అక్కడా ఇలాగే నిలబడు."

బదులివ్వకూడదన్న నియమం పెట్టింది తనే. దాన్ని తప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అతనికి అప్పుడు తోచింది.