తీయవద్దు అని రాసిన చీటీ

కుడిచేత్తో తెర మీది దుమ్ము తుడుస్తూ, ఎడమచేత్తో కంప్యూటర్ డబ్బా వెనక తడమడం అతనికి తొమ్మిదేళ్ల అలవాటు. ఈరోజు ఆ చేతికి పెన్‌డ్రైవ్ తగల్లేదు. దాన్ని కట్టి ఉంచిన ఊలు దారం, తెగి, తగిలింది. భార్య స్వెట్టర్ అల్లగా మిగిలిన నీలం ఊలు. దానికి "తీయవద్దు" అని తను రాసి కట్టిన చీటీ ఊగుతోంది.

ఆసుపత్రి రికార్డుల గదిలో ఆ ముసలి లైనక్స్ కంప్యూటర్ లేవాలంటే పెన్‌డ్రైవ్ చేయి అందించాలి. హార్డ్‌డిస్క్‌లో రోగుల వివరాలన్నీ భద్రమే. కంప్యూటర్ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం ఒక్కటే ఎప్పుడో చెడింది. బాగుచేస్తానని మూడు అర్జీలు పెట్టాడు. "నడుస్తున్నదాన్ని కెలక్కు" అని మూడుసార్లూ ఒకటే జవాబు.

నల్లటి తెర మీద ఒక్క తెల్లని వాక్యం: మొదలుపెట్టడానికి డిస్క్ దొరకలేదట. కిటికీ అవతల రోగుల వరుస మెట్ల దాకా పెరిగింది.

"బాబాయ్, నిన్న సాయంత్రం మేనేజర్‌గారు కత్తెర అడిగారు," అంది కౌంటర్ అమ్మాయి గొంతు తగ్గించి.

వెళ్లి అడిగితే మేనేజర్ దాచలేదు కూడా.

"ఓ, ఆ పెన్‌డ్రైవా? అందులో ఏవో పిచ్చి ఫైళ్లుంటే చెరిపేసి మా టూర్ ఫొటోలు వేసుకున్నాను."

"చీటీ చూడలేదా సార్?"

"నాకే చీటీలు రాస్తావా? పొద్దున్నే కంప్యూటర్ని నిద్రలేపడానికి ఒక మనిషా! ఈ పూటతో సరి. రేపట్నుంచి రాకు."

అతని చెవులు కాలిపోయాయి. ఇప్పుడే లేచి వెళ్లిపోతే మధ్యాహ్నానికి ఈ పెద్దమనిషే కాళ్లబేరానికి వస్తాడు. రావాలి కూడా! కానీ వరుసలో మొదట ఒక ముసలామె గోడకు చేరగిలబడి ఉంది. ఆమె పాత రిపోర్టులన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి.

ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇలాంటి రోజుకని సిద్ధం చేసుకున్న తన సొంత పెన్‌డ్రైవ్ అన్నం సంచిలోంచి తీసి, దానితో కంప్యూటర్ని లేపి, హార్డ్‌డిస్క్ తెరిచాడు. తొమ్మిదేళ్లుగా మనసులో కొట్టి కొట్టి అరిగిపోయిన రెండు వరుసల ఆదేశాలు కొట్టాడు. పాడైన ఆ చిన్న ప్రోగ్రాం తిరిగి డిస్క్‌లోకి ఎక్కింది. పెన్‌డ్రైవ్ పీకేసి మీట నొక్కాడు.

తెర వెలిగింది.

"తనంతట తానే లేచింది బాబాయ్!" కౌంటర్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. కోపం మధ్యలోనే అతనికి నవ్వొచ్చింది, తొలి అడుగు వేసిన పసివాణ్ణి చూసినట్టు.

"చూశావా?" వెనకనుంచి మేనేజర్. "నువ్వు లేకపోయినా నడుస్తుంది."

"అవును సార్. మూడు అర్జీల్లోనూ నేను రాసింది అదే."

తెరవని అన్నం డబ్బా పట్టుకుని, వరుసను దాటుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. ముసలామె రిపోర్టు ప్రింటర్లోంచి వెచ్చగా బయటికొచ్చింది.

డబ్బా వెనక, ఫ్యాను గాలికి, నీలం ఊలుకు వేలాడుతూ చీటీ ఇంకా చెబుతూనే ఉంది: తీయవద్దు.