మీట వేసేలోగా

ఆళ్లగడ్డ చర్చిలో కరెంటు పోగానే లారీ బ్యాటరీతో బల్బు వెలిగించడం మత్తయి పని. మీట ఎంత చురుగ్గా వేసినా నడుమ కాస్త చీకటి పడేది, వాక్యం చదివేవాళ్ల గొంతు ఆగేది. మత్తయికి తల కొట్టేసినట్టుండేది.

ఆ సాయంత్రం, మోకాళ్లు పట్టేశాయంటూ మనవరాలి భుజం పట్టుకొచ్చిన ముసలి కృపమ్మ బైబిలు తెరిచి కీర్తన చదువుతోంది. ఠక్కున కరెంటు పోయింది. మీట చేతికి తగల్లేదు. దాన్నీ తననూ తిట్టుకుంటూ మత్తయి తడుముకుంటున్నాడు. కృపమ్మ గొంతు మాత్రం ఒక్క మాట దగ్గరైనా తడబడలేదు. బల్బు వెలిగేసరికి ఆమె తాపీగా పేజీ తిప్పుతోంది.

ప్రార్థన ముగిశాక మత్తయి ఉండబట్టలేక అడిగాడు. "కరెంటు పోయినా అంత చీకట్లో ఎట్ల చదివినావవ్వా?"

కృపమ్మ అతని గొంతు వినిపించిన వైపు చెయ్యి చాపి, భుజం కోసం గాల్లో వెతుకుతూ, "కరెంటు పోయిందా? ఎప్పుడప్పా?" అంది.